ఇరవయ్యో పిల్ల

విఠల్‌రావు సారు చేసిన మంచిపనులన్నీ బడి గోడ మీద నీలిరంగుతో రాసి ఉన్నాయి. బడికి ఎసరు పెట్టినవి కూడా అవే. ఆ సంగతి తెలిసి వచ్చేసరికి ఆయనకు రిటైరయ్యే వయసు దగ్గర పడింది.

మాదన్నపేట మార్కెట్టు వెనక సందులో, ఎవరిదో పాతకాలపు డంగుసున్నం ఇల్లు అద్దెకు తీసుకుని నడుపుతున్న సర్కారు ప్రాథమిక పాఠశాల అది. దర్వాజా దాటి లోపలికి రాగానే ఎదురుగా ఆ గోడ. ఏ యేడు ఎవరికి గురుకులంలో సీటు వచ్చిందో దాని మీద పేరుపేరునా రాసి ఉంటుంది. నాలుగో తరగతి పిల్లలను సాయంత్రాలు కూర్చోబెట్టుకుని, బిస్కెట్లు పెట్టి మరీ ప్రవేశపరీక్షకు తయారు చేసేవాడు హెడ్మాస్టరు విఠల్‌రావు. సీటొస్తే తిండి, బట్ట, పడక, ఇంటరు దాకా చదువు అన్నీ సర్కారువే. రెక్కాడితే గాని డొక్కాడని ఇళ్లకు అంతకన్నా ఏం కావాలి? సీటొచ్చిన కబురు అందగానే ఆయనే కుర్చీ ఎక్కి కుంచె పట్టేవాడు. ఒక పేరు గోడకెక్కితే ఒక పిల్ల హాజరు పట్టీలోంచి దిగిపోయినట్టేనని ఆ సంబరంలో ఎన్నడూ తోచలేదు.

పోయిన పిల్లల స్థానంలో కొత్తవాళ్లు వస్తే ఏ బాధా ఉండేది కాదు. వాళ్లు రాలేదు. సందు చివర మూడంతస్తుల కాన్వెంటు లేచింది. టై, బెల్టు, బూట్లు, గుమ్మం ముందుకు ఆటో. కూరగాయలమ్ముకునే వాళ్లు కూడా చిట్టీలు ఎత్తి మరీ అటే పంపారు.

సర్కారు బడికి డబ్బు తలల లెక్కన వస్తుంది. పిల్లలు తగ్గితే గ్రాంటు తగ్గుతుంది. బాగానే ఉంది గాని, పిల్లలు తగ్గారని ఫ్యాను మెల్లగా తిరుగుతుందా, కరెంటు బిల్లు జాలిపడుతుందా, వానకు కారే కప్పు కాసేపు ఆగుతుందా? ఆ లెక్క కట్టిన పెద్దమనుషులు ఒక్కరోజు వచ్చి ఈ బెంచీల మీద కూర్చుంటే తెలిసేది. గ్రాంటు తగ్గినందుకు మొదట దెబ్బ తిన్నది ఊడ్చే సక్కుబాయి. ఆమె జీతం సగమైంది. ఆమె మాత్రం ఏం చేస్తుంది, రోజు విడిచి రోజు రావడం మొదలుపెట్టింది. ఆమె రాని రోజున మరుగుదొడ్డి వాసన దర్వాజా దాకా వచ్చేది. పిల్లను చేర్పిద్దామని వచ్చిన తల్లి కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని అట్నుంచటే వెళ్లిపోయేది. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కాదు, పెళ్లయితే గాని పిచ్చి కుదరదన్నట్టు తయారైంది బడి బతుకు.

అలా అరిగి అరిగి ఈ యేటికి ఇరవై మంది మిగిలారు. సరిగ్గా ఇరవై. ఆ అంకె మీదే ఇప్పుడు అంతా ఆగి ఉంది. ఇరవై మంది ఉంటే ఇద్దరు టీచర్లు. పంతొమ్మిదికి దిగితే ఒక్కరే. జులై ఆఖరున లెక్క తీస్తామని మీటింగులో ముందే చెప్పేశారు.

రెండో టీచరు నళిని. ఒకటి, రెండు తరగతులు ఆమెవి. అక్షరం ముక్క రాని పిల్ల కూడా దసరా నాటికి తన పేరు తాను రాసుకునేలా చేయగల మనిషి. ఆమెను తీసేస్తే అయిదు తరగతులకూ విఠల్‌రావు ఒక్కడే. ఆయన ఏ మీటింగుకో పోతే బడికి తాళమే. తాళం పడే బడికి పిల్లలను ఎవరు పంపుతారు? వచ్చే యేటికి పది మందవుతారు, ఆపై యేడు దీన్ని వేరే బడిలో కలిపేస్తారు. తాను పలక పట్టుకుని వచ్చిన బడి ఇది. తన చేత్తోనే దీనికి తాళం వేసి, తాళంచెవి ఆఫీసులో ఇచ్చి రావడం మాత్రం వద్దని, అంతకు ముందే రిటైరైపోవాలని ఆయన ఆశ. గొప్ప ఆశేమీ కాదు.

జూన్‌లో బడిబాట పేరుతో ఇల్లిల్లూ తిరిగాడు. ఎండకు మాడు పగిలింది గాని ఒక్క పిల్లా రాలేదు. ఒక ఇంటి ముందు ఇస్త్రీ చేసుకునే ఆయన కాగితం తీసుకుని, చదివి, మర్యాదగానే అడిగాడు. "మీ బాబు ఏ బడిల చదివిండు సారు?"

విఠల్‌రావు కొడుకు సంకేత్ మలక్‌పేటలో ఇంగ్లీషు మీడియం ప్రైవేటు బడిలో చదివాడు. ఆ మాట చెప్పలేక, అబద్ధమాడలేక, "ఎండ మస్తుగున్నది గద" అని ముందుకు నడిచాడు. అప్పటి నుంచి ఎవరినీ ఏ బడి అని అడగడం మానేశాడు. జవాబు ఎలాగూ తెలిసిందే, అడిగి ముఖం చిన్నబుచ్చుకోవడం ఎందుకు?

అడగకపోయినా జవాబు ఇంటికే వచ్చేది. అది ఇంకా ఒళ్లు మంట. విఠల్‌రావు వాళ్లది తరాలుగా గుడి సేవలో ఉన్న కుటుంబం. అన్నగారు ఇప్పటికీ అర్చకత్వం చేస్తున్నారు. అందుకని సందులో వాళ్లు దేనికైనా మంచిరోజు కావాలంటే హెడ్మాస్టరునే అడుగుతారు. ఆయన టేబులు సొరుగులో పంచాంగం ఎప్పుడూ ఉంటుంది. పిల్లలను కాన్వెంటులో చేర్చడానికి ముహూర్తం కూడా సర్కారు బడికే వచ్చి అడిగేవాళ్లు. చెప్పేవాడు. ఏం చేస్తాడు మరి, అడిగినవాళ్లకు మంచిరోజు లేదనకూడదు కదా.

ఆషాఢం మొదట్లో ఆండాలు కూడా అలాగే అడిగింది. మార్కెట్టులో ఆకుకూరలు అమ్ముతుంది ఆండాలు. ఆమె పెద్దకూతురు అమల ఇక్కడే అయిదో తరగతి. రోజూలాగే అమలను దింపి, చిన్నది అనన్యను వెంటేసుకుని మార్కెట్టుకు పోతూ గుమ్మంలో ఆగి, "సారూ, చిన్నదాన్ని బడిల ఏద్దామనుకుంటున్న. ఎప్పుడు మంచిగుంటది?" అంది.

ఫోనులో ఏదో సమాచారం నింపుతున్న విఠల్‌రావు తలెత్తనైనా లేదు. "ఆషాఢంల ఏం మొదలుపెట్టొద్దమ్మా. శ్రావణం రానీ."

"గట్లనే సారు" అని వెళ్లిపోయింది.

ఏ బడిలో అని ఆయన అడగలేదు.

బోనాల ముందటి బుధవారం ఆండాలు పరుగు పరుగున వచ్చింది. చేతిలో ఫోను, చంకలో అనన్య, వెనకాల అమల. "సారూ, అమలకు గురుకులంల సీటొచ్చింది! రెండో లిస్టుల పేరున్నదని మెసేజొచ్చింది. పండుగ ఎల్లినంక మంగళారం పొద్దుమూకే వరకు టీసీ తీస్కొని చేరాలంట. లేకపోతే సీటు పోతదంట."

అమలకు మొదటి లిస్టులో పేరు రాలేదు. ఇక రాదనుకున్నారు. ఆ పిల్ల ముఖం చూసి విఠల్‌రావు కూడా ఒక్క క్షణం అన్నీ మరచిపోయి, "శభాష్ బిడ్డా!" అని తల నిమిరాడు. నిమిరిన చెయ్యి తీయకముందే ఇరవై లోంచి ఒకటి పోయింది.

ఆన్‌లైన్లో పిల్లను ఈ బడి నుంచి తీసేస్తే తప్ప టీసీ రాదు. ఆయన కంప్యూటరు ముందు కూర్చున్నాడు. ఆ వేళ సర్వర్ నిజంగానే పని చేయలేదు. చక్రం తిరుగుతూనే ఉంది. "సర్వర్ డౌనున్నదమ్మా. రేపు రా" అన్నాడు. అది నిజం. ఆ నిజం నోట్లో ఎంత చల్లగా అనిపించిందో ఆయనకే ఆశ్చర్యమేసింది.

అంతలో అవతల గదిలో నళిని ఫోనుతో పిల్లల హాజరు తీసుకుంటోంది. ఇప్పుడు హాజరంటే పేరు పిలవడం కాదు, ముఖానికి ఫోటో తీయడం. ముఖం గుర్తుపట్టి పేరు అదే వేస్తుంది. అనన్య తల్లి చంకలోంచి జారి, అలవాటుగా పరుగెత్తుకెళ్లి ఒకటో తరగతి పిల్లల మధ్య దూరి ఫోనులోకి పళ్లికిలించింది. ఫోను అందరికీ పేర్లు వేసి ఆ పిల్లను వదిలేసింది.

"నువ్వింకా మా బడి పిల్లవు గావు గదమ్మా" అని నవ్వింది నళిని.

"అయితది లే టీచరమ్మా, ఏడికి పోతది" అంది ఆండాలు. ఆ మాట విఠల్‌రావు చెవిన పడింది గాని బుర్రకెక్కలేదు. ఆయన బుర్ర నిండా పంతొమ్మిదే ఉంది.

మర్నాడు సర్వర్ బ్రహ్మాండంగా పని చేసింది. పొద్దున్నే తెరిచి చూశాడు. అమల పేరు, పక్కనే నొక్కాల్సిన గుర్తు. నొక్కితే నళిని పోతుంది. నొక్కకపోతే అమల సీటు పోతుంది. ఇన్నేళ్ల నౌకరీలో ఏ పిల్ల దారికీ అడ్డం పడని మనిషి, అక్కడ చెయ్యి పెట్టి, చెయ్యి తీసేశాడు. ఆండాలు వచ్చింది. "ఇంకా రాలేదమ్మా సర్వర్" అన్నాడు, ఆమె ముఖం చూడకుండా.

"గిట్లయితే ఎట్ల సారు? మంగళారమే ఆఖరు."

"ఫికర్ చెయ్యకు. చూద్దాం గద."

గుమ్మం పక్కన నిలబడి నళిని అంతా విన్నది. ఆమె ఫోనులో అదే సర్వర్ అప్పుడే మధ్యాహ్నభోజనం లెక్క తీసుకుంది. తాను ఇక్కడి నుంచి కదిలితే ఊరి అవతల ఎక్కడో వేస్తారు, రెండు బస్సులు మారాలి, ఇంట్లో మంచం పట్టిన అత్తగారున్నారు. నోరు విప్పి చెడ్డదాన్నవడం కన్నా, నోరు మూసుకుని మంచిదానిలా ఉండిపోవడం తేలికని ఆ పూటకు ఊరుకుంది.

శుక్రవారం విఠల్‌రావు మీటింగని చెప్పి బడికే రాలేదు. మీటింగూ లేదు, పాడూ లేదు. పత్తర్‌గట్టి దాకా నడిచి, ఒక హోటల్లో చాయ్ ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాడు. తప్పు చేసేవాళ్లకు కాస్త హుషారైనా ఉంటుందంటారు. ఆయనకు అదీ లేదు. ఒళ్లంతా అలసటే. సోమవారం బోనాల సెలవు. మంగళవారం సాయంత్రం ఇట్టే గడిచిపోతుంది. ఎవరినీ ఏమీ అననక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు, ఇరవై ఇరవైగానే ఉంటుంది. ఆ పిల్లకు ఇక్కడే అయిదో తరగతి తానే బాగా చెప్పుకుంటే సరి. ఇలా తనకు తాను నచ్చజెప్పుకుంటూ చాయ్ చల్లారబెట్టాడు.

సాయంత్రం నళిని ఫోను చేసింది. "ఆండాలు వచ్చి పోయింది సార్. చానా సేపు కూసున్నది."

"ఊఁ."

"సర్వర్ నడుస్తనే ఉన్నది సార్."

ఆయన ఫోను రెండో చెవికి మార్చుకున్నాడు.

"నా కోసం గిట్ల చెయ్యొద్దు సార్. నేను నిన్ననే చెప్పాల్సింది. ఊకున్న. తప్పు నాది గూడ."

"నీ కోసం ఎవరు చేసిండ్రమ్మా?" అన్నాడు విఠల్‌రావు. "నా కోసం చేసుకున్న." ఆ ముక్క బయటికి వచ్చాక ఆయనకు తన మీద తనకే రోత పుట్టింది.

శనివారం ఆండాలు రాలేదు, ఆయనా ఆ గుర్తు జోలికి పోలేదు. ఆదివారం బోనాలు. సందంతా వేపమండలు, డప్పులు, పసుపు వాసన. బోనం ఎత్తుకున్న ఆడవాళ్లు గుడికి పోతుంటే ప్రతి ఇంటి ముందూ వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోస్తారు. ఆ పూట బోనమెత్తిన మనిషి అమ్మవారితో సమానం. విఠల్‌రావు భార్య చెంబుతో నీళ్లు పోస్తుంటే ఆయన బిందె పట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఆండాలు వచ్చింది. తల మీద బోనం, దాని మీద దీపం, రెండు పక్కలా కూతుళ్లిద్దరూ. ఆగింది. నీళ్లు పోయించుకుంది. ఆయన వంక చూసింది గాని పల్లెత్తు మాట అనలేదు. తిట్టినా బాగుండేది. అమల మాత్రం రివాజు తప్పకుండా "నమస్తే సార్" అంది. ఆయన తల వంచుకుని చెంబులో నీళ్లు నింపాడు.

సోమవారం సెలవైనా వెళ్లి బడి తాళం తీశాడు. ఎవరూ లేని గదిలో కంప్యూటరు పెట్టుకుని, అమల పేరు పక్కన నొక్కాడు. సర్వర్ ఒక్క క్షణం కూడా ఆగలేదు. తెర మీద పంతొమ్మిది వచ్చింది. టీసీ రాసి, ముద్ర వేసి, ఇంటికి వెళ్లి పడుకున్నాడు. పోనీ, పోతే పోయింది అనుకున్నాడు. చాలా రోజులకు నిద్ర పట్టింది.

మంగళవారం బడి గంట కొట్టక ముందే ఆండాలు వచ్చింది. అమల నెత్తిన నూనె రాసుకుని, కొత్త చెప్పులేసుకుని, ట్రంకు పెట్టెకు ఆనుకుని నిలబడింది. అనన్య ఒంటి మీద గళ్ల యూనిఫారం, మెడలో టై ఉన్నాయి. టై మోకాళ్ల దాకా వేలాడుతోంది.

విఠల్‌రావు టీసీ చేతికిచ్చాడు. "తీస్కో ఆండాలమ్మా. సర్వర్ వల్ల జర ఆలస్యమైంది గాని..."

"సర్వర్ ముచ్చట చెప్పకుండ్రి సారు" అంది ఆండాలు. గొంతు పెంచలేదు. "బేస్తారం నాడే నెట్ సెంటర్ల అడిగిన. సర్వర్ మంచిగనే ఉన్నదమ్మా, మీ సారే ఇస్తలేడు అన్నడు. ఎందుకిస్తలేడో సమజ్ కాలే. శుక్రారం ఈడ కూసున్న, మీరు రాకపోతిరి. పండుగ పూట ఒక మాట అంటే ఊరికే పోదని ఊకున్న."

"తప్పైంది తల్లీ" అన్నాడు విఠల్‌రావు.

"కాయిదమైతే అందింది. గది చాలు." ఆండాలు టీసీ మడిచి రవికలో పెట్టుకుంది. అనన్య టై సరిచేస్తూ మళ్లీ అంది. "గని దీని సంగతే ఆగమైంది. దీన్ని మీ తాన్నే ఏద్దామనుకుంటి."

విఠల్‌రావుకు మొదట అర్థం కాలేదు. "మా తాననా?"

"మరేడ? నేనడిగిన గద సారు. మీరే చెప్తిరి, ఆషాఢంల వద్దు, శ్రావణం రానీ అని. సరే, బోనాలు ఒడిసినంక, శ్రావణం రాంగనె తోలుకొస్తనని అనుకున్న. పెద్దదానికి సీటొచ్చింది ఈ బడి నుంచే గద, చిన్నదానికి టీచరమ్మ అంటే పానం గద. ఇంకో బడి ముచ్చటే లేకుండె." ఆమె అనన్యను దగ్గరికి లాక్కుంది. "గని మీరట్ల తిప్పేసరికి భయమైంది. ఇయ్యాల పెద్దదాని కాయిదం పట్టుకున్నరు, రేపు దీంది గిట్లనే పట్టుకుంటే నేనేడికి పోవాలె? చెవులవి తాకట్టు పెట్టి, శనారం నాడు కాన్వెంట్ల కట్టిన. ఆళ్లకు ఆషాఢం లేదు, శ్రావణం లేదు. పైసల్ కడితే చాలు."

ఆయన ఆమె చెవుల వంక చూశాడు. కమ్మలుండే చోట వేప పుల్లలున్నాయి.

"వాపసు అడిగితే..."

"ఇస్తరా సారు?"

కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది. ఊరికే తిప్పకుండా, ఆ టీసీ సర్వర్ వచ్చిన రోజే ఇచ్చి ఉంటే, పోయే పిల్ల పోయేది, వచ్చే పిల్ల వచ్చేది. ఇరవయ్యో పిల్ల నెల్లాళ్లుగా రోజూ ఈ గుమ్మంలోనే నిలబడి ఉంది. ఏ బడి అని ఒక్కమాట అడిగి ఉంటే సరిపోయేది. విఠల్‌రావుకు ఏడుపు వచ్చింది. పిల్లల ముందు బాగుండదని కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

అమల వచ్చి కాళ్లకు దండం పెట్టింది. "నా పేరు గోడ మీద రాస్తరా సార్?"

"రాస్త బిడ్డా. నీలిరంగు తెచ్చి రాస్త." ఆ మాట మాత్రం గట్టిగానే చెప్పాడు.

అవతల నళిని హాజరుకు ఫోను ఎత్తింది. అనన్య టై ఎగిరిపడేలా పరుగెత్తి, ఎప్పటిలా ఒకటో తరగతి పిల్లల మధ్య తన చోట కూర్చుని ఫోనులోకి నవ్వింది. అందరి పేర్లూ వచ్చాయి. "నా పేరేది టీచర్?" అని అడిగింది. నళిని ఆ పిల్లను ఎత్తుకుని, గుమ్మం దాకా తెచ్చి తల్లికి అందించింది. సందు మొదట్లో కాన్వెంటు ఆటో హారను కొడుతోంది. అనన్య నళిని కొంగు వదల్లేదు. ఆండాలు ఒక్కొక్క వేలూ విడదీసింది.

వాళ్లు వెళ్లిపోయారు. సక్కుబాయి రాని రోజు కావడంతో విఠల్‌రావే చీపురు తీసి వాకిలి ఊడ్చాడు. పండగనాటి వేపాకులు ఇంకా అక్కడక్కడా ఉన్నాయి. నళిని గుమ్మానికి ఆనుకుని చూస్తూ నిలబడింది. లెక్క తీసేది వచ్చే వారం, ఈ నెలాఖరునని ఇద్దరికీ తెలుసు.

"శ్రావణం ఎప్పటి సంది సార్?" అని అడిగింది.

పంచాంగం తీసి చూడనక్కర్లేదు.

"శుక్రారం సంది" అన్నాడు విఠల్‌రావు.